మీటరుకు చిక్కని మోత

చిత్తూరు పక్క పల్లెల్లో బోరు వేయడమంటే చాలాసార్లు రాత్రంతా జాగారమే. తిరుచెంగోడు వైపు నుంచి వచ్చిన బోరు బండి పొద్దుగూకే వేళకు చేలో దిగుతుంది. కంప్రెసర్ వేశాక ఇక పక్కవాడి మాట కూడా వినబడదు. ఆ మోత పక్కనే ఆసామి కూర్చుని ఉంటాడు. అడుగు అడుగుకీ డబ్బు లెక్క. పైకి వచ్చేది పొడి దుమ్మా, తడి మన్నా అని కళ్లతో చూస్తూనే, చెవి మాత్రం లోపలి దెబ్బ మీద పెడతాడు. ఆ మోత ఉన్నట్టుండి ఆగితేనే అతనికి గుండె జారుతుంది, బిట్ ఇరుక్కుందేమోనని. రెండు చేల అవతల ఇంట్లో, తెల్లారితే పరీక్షకు పోవాల్సిన పిల్లాడు తలగడ చెవులకు అదుముకుని దొర్లుతుంటాడు. దూరం వల్ల అతని దగ్గరికి చేరే మోత ఆసామి దగ్గర ఉన్నదానిలో చిన్న ముక్క. విసుగు మాత్రం మొత్తం అతనిదే.

శబ్దం ఎంత పెద్దది అనేది ఒక ప్రశ్న, అది ఎంత చిరాకు పెడుతుంది అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి శబ్దం కొలిచే మీటరు సగం జవాబు చెబుతుంది. రెండోదానికి అంత కూడా చెప్పదు.

మాటల్లో ఈ తేడా మనకు ముందునుంచీ ఉన్నదే. అలికిడి, సవ్వడి, చప్పుడు, హోరు, మోత, రొద, గోల అని ఇన్ని పేర్లు పెట్టుకున్నాం. ఏరు హోరుమంటుంది గానీ గోల చేయదు. వానలు బాగా పడ్డాక కపిలతీర్థం జలపాతం నిండుగా దూకుతుంటే కింద నిలబడి అరిస్తే తప్ప మాట వినబడదు. అయినా దాన్ని ఎవరూ రొద అనరు. డబ్బు కట్టి మరీ ఫోటోలు తీయించుకుంటారు. చిత్తూరు వైపు పిల్లల్ని 'సద్దు చేయొద్దు' అని కసిరేది వాళ్ల గొంతు పెద్దదని కాదు, పెద్దవాళ్లు వేరే పనిలో ఉన్నారని.

ముందు సులువైన సగం చూద్దాం. డెసిబెల్ అనేది కిలో, లీటరు లాంటి కొలత కాదు. రెండు కిలోలూ రెండు కిలోలూ నాలుగు కిలోలు. అదే 60 డెసిబెల్స్ చేసే మోటారు పక్కన అలాంటిదే ఇంకోటి పెడితే 120 కాదు, 63 వస్తుంది. శబ్ద శక్తి రెట్టింపు అయితే 3 డెసిబెల్స్, పది రెట్లయితే 10 డెసిబెల్స్ పెరుగుతాయి. చెవి లెక్క వేరే. శక్తి పది రెట్లు పెరిగితే, అంటే 10 డెసిబెల్స్ పెరిగితే, చాలామందికి శబ్దం సుమారు రెట్టింపు అయినట్టు అనిపిస్తుంది. 1930లలో హార్వర్డ్‌లో ఎస్.ఎస్. స్టీవెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ అనుభవానికే 'సోన్' అని వేరే కొలత పెట్టాడు.

ఇది ఒట్టి ప్రయోగశాల సంగతి కాదు, మన వీధి చివర పెళ్లి ఊరేగింపులో రోజూ నడిచే వ్యవహారం. డీజే మోత భరించలేక ఎవరో ఫోన్ చేస్తారు. పోలీసులు వస్తారు. 'సగం బాక్సులు ఆపేశాం సార్' అంటాడు ఆపరేటర్. అతను అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే ఎనిమిదిలో నాలుగు ఆపాడు. తగ్గింది 3 డెసిబెల్స్. కిటికీ దగ్గర నిలబడిన మనిషికి ఆ తేడా ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. పోలీసులకు పని అయిపోయింది, ఆపరేటర్ మాట నిలబెట్టుకున్నాడు, ఇంట్లోవాళ్లకు మాత్రం వీళ్లంతా కలిసి నాటకమాడుతున్నారనిపిస్తుంది. వినబడే మోత సగానికి రావాలంటే పది బాక్సుల్లో తొమ్మిది ఆగాలి. ఏ ఊరేగింపులో ఆపుతారు?

ఇక చెవి సంగతి. అది అన్ని స్వరాలనూ సమానంగా చూడదు. సెకనుకు 2000 నుంచి 5000 కంపనాలున్న శబ్దాల మీద దానికి పక్షపాతం ఎక్కువ. దీనికి ఒక కారణం చెవి రంధ్రం ఆకారమే. సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవున, ఒక వైపు మూసి ఉన్న ఈ గొట్టం 3000 హెర్ట్జ్ (సెకనుకు 3000 కంపనాలు) ప్రాంతంలో వేణువులా మోగి, ఆ శబ్దాన్ని పెంచి లోపలికి పంపుతుంది. పళ్లెం మీద చెంచా గీరితే, బ్రేకు కీచుమంటే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూసేది ఇందుకే. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనే 100 హెర్ట్జ్ శబ్దం అదే డెసిబెల్స్‌లో ఉన్నా పట్టించుకోం. 1933లో అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ ఏ స్వరం ఎంత బలంగా ఉంటే మిగతావాటితో సమానంగా వినబడుతుందో గీతలు గీశారు. తర్వాత వాటిని సరిదిద్దుతూ వచ్చారు, ఇప్పుడవి ఐఎస్ఓ 226 అనే అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్నాయి.

శబ్దం కొలిచే మీటరుకు ఈ పక్షపాతం నేర్పడానికి 'ఏ-వెయిటింగ్' అనే జల్లెడ పెట్టారు. చెవికి తక్కువ వినబడే స్వరాల లెక్కను అది తగ్గించేస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ తీసేస్తుంది, 63 హెర్ట్జ్ దగ్గర 26, 50 హెర్ట్జ్ దగ్గర 30. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఆ జల్లెడను గీసింది చిన్న శబ్దాలకు సరిపోయే గీతను చూసి. పెద్ద శబ్దాల దగ్గరికి వచ్చేసరికి చెవి కింది స్వరాలను, అంటే బేస్‌ను అంత తక్కువగా వినదు. బేస్‌కు ఇంకో గుణం కూడా ఉంది. వినబడడం మొదలయ్యేదాకా చాలా బలం కావాలి, మొదలయ్యాక మాత్రం కాస్త పెంచితే చాలు, చెవికి గబగబా పెద్దదవుతుంది.

దీన్నే ఇంట్లో కూర్చుని చూడాలంటే కల్యాణ మండపం వెనక వీధిలో ఒక గది చాలు. తలుపులు మూశారు, కిటికీలు మూశారు. పాట వినబడదు, గాయకుడి గొంతు వినబడదు. గోడ కీచు శబ్దాన్ని ఆపినంత తేలిగ్గా బేస్‌ను ఆపలేదు కాబట్టి ఒక్క 'దుమ్ దుమ్' మాత్రం లోపలికి వస్తుంది. గూట్లో స్టీలు గిన్నెలు సన్నగా గలగలమంటాయి. మంచం కోడు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. ఆ గదిలో 63 హెర్ట్జ్ శబ్దం అచ్చంగా 80 డెసిబెల్స్ ఉందనుకుందాం. మీటరు 26 తీసేసి 54 అని చూపిస్తుంది. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55. ఫిర్యాదు చేసినవాడే చివరికి అబద్ధాలకోరు అవుతాడు. డీజేల మీద ఫిర్యాదుల్లో సగం గొడవ ఇక్కడే పుడుతుందని చెప్పొచ్చు. మీటర్లలో బేస్‌ను అంతగా కోయని 'సీ-వెయిటింగ్' కూడా ఉంటుంది. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే, మధ్య తేడా పెద్దగా ఉన్నచోట బేస్ గొడవ ఉన్నట్టు లెక్క. టపాసుల నిబంధనలో ఇప్పటికే రెండూ ఉన్నాయి: 4 మీటర్ల దూరంలో ఏ-వెయిటింగ్ లెక్కన 125 డెసిబెల్స్, సీ-వెయిటింగ్ లెక్కన 145 దాటకూడదు. వీధి మైకుకు మాత్రం ఒక్క 'ఏ' తోనే సరిపెట్టారు.

బలం, స్వరం అయ్యాక శబ్దం కదలిక ఉంది. మిక్సీలా ఒకే తీరుగా గురగురలాడే శబ్దానికీ, సైరన్‌లా ఎగిరెగిరి పడే శబ్దానికీ సగటు ఒకటే ఉండొచ్చు, చెవికి మాత్రం ఒకటి కాదు. సెకనుకు నాలుగైదు సార్లు పైకీ కిందికీ ఊగే శబ్దం ఊపులా తెలుస్తుంది. సెకనుకు 70 సార్ల దాకా వణికితే ఊపు పోయి గరుకుతనం వస్తుంది. మనిషి ప్రాణభయంతో వేసే కేకలో ఈ గరుకుతనం నిండుగా ఉంటుందని 2015లో ఒక పరిశోధక బృందం చూపించింది. మామూలు మాటలో, పాటలో అది పెద్దగా ఉండదట. ప్రమాద హెచ్చరిక గంటల్లో మళ్లీ అదే గరుకుతనం. వాటిని తయారు చేసేవాళ్లు ఏ పరిశోధనా చదవకుండానే కేకను పట్టుకున్నారన్నమాట.

పలక మీద గోరు గీరిన శబ్దం సంగతి ఇంకా వింత. దాని కీచుదనమే ఒళ్లు జలదరింపజేస్తుందని అందరం అనుకుంటాం. 1986లో హాల్పెర్న్, బ్లేక్, హిల్లెన్‌బ్రాండ్ అనే ముగ్గురు అలాంటి శబ్దాన్ని రికార్డు చేసి, పై స్వరాలు తీసేసి వినిపించారు. జలదరింపు తగ్గలేదు. మధ్య స్వరాలు తీసేస్తే తగ్గింది. 2011లో జరిగిన ఇంకో ప్రయోగంలో ఇదే రకం శబ్దాన్ని కొందరికి 'ఇది ఆధునిక సంగీతంలో ఒక ముక్క' అని, కొందరికి అసలు సంగతి చెప్పి వినిపించారు. సంగీతం అనుకున్నవాళ్లు అంత చెడ్డగా లేదన్నారు. చర్మం మీద చెమట మార్పును కొలిస్తే మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. మనసు ఒప్పుకుంది, ఒళ్లు ఒప్పుకోలేదు.

ఇక్కడినుంచి మీటరు పని దాదాపు అయిపోతుంది. శబ్దం ఎవరిది, ఎందుకు, ఎప్పటిదాకా అన్నవి మొదలవుతాయి.

తిరుపతిలో మే నెల తాతయ్యగుంట గంగమ్మ జాతరను మించిన ఉదాహరణ దొరకదు. చాటింపు వేసిన దగ్గర్నుంచి బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకో వేషం. సందు సందునా డప్పులు. బండ వేషం వేసుకున్నవాళ్లు ఎదురుపడినవాళ్లను నోటికొచ్చినట్టు బూతులు తిడతారు. తిట్టించుకున్నవాళ్లు నవ్వుతూ దండం పెడతారు. అదే మాట, అదే గొంతు, అదే ఎత్తులో జాతర అయిపోయిన మర్నాడు లీలామహల్ సర్కిల్లో బైకు తగిలినప్పుడు వినబడితే కొట్లాటే. గాలిలో కదిలిన అలలు రెండుసార్లూ ఒకటే. ఆ వారం రోజులూ ఊరు ఆ చప్పుడుకు అనుమతి ఇచ్చింది, మర్నాడు ఇవ్వలేదు. తెల్లవారుజామున వినబడే సుప్రభాతానికీ ఇలాంటి అనుమతే ఉంది. అదే వేళకు పక్కింటి నీళ్ల మోటారు అంతకన్నా తక్కువ చప్పుడు చేసినా 'వీడికి టైమూ పాడూ లేదా' అంటాం.

అర్థం తెలిసిన శబ్దం చెవిని ఎలా లాగుతుందో తిరుమలలో క్యూలో నిలబడినవాళ్లకు తెలుసు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో ఒకదాని వెంట ఒకటి ప్రకటనలు, చుట్టూ గోవింద నామాలు, పిల్లల ఏడుపులు. గంటసేపు అదంతా ఒకటే హోరు. ఆ హోరులో తప్పిపోయిన మనిషి పేరు మీ ఇంట్లోవాళ్ల పేరులా వినబడితే చాలు, తల దానంతటదే మైకు వైపు తిరుగుతుంది. అంతదాకా ఏమీ వినడం లేదనుకున్న చెవి, నిజానికి అన్నీ జల్లెడ పడుతూనే ఉంది. 1950లలోనే కోలిన్ చెర్రీ, ఆ తర్వాత మోరే అనే పరిశోధకులు ఈ పనితనాన్ని పరీక్షించి చూశారు. అన్నీ వదిలేసినా తన పేరును వదలనివాళ్లు మోరే ప్రయోగంలో సుమారు మూడో వంతు తేలారు.

ఇదే పనితనం బస్సులో శాపమవుతుంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులో ముందు సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే కునుకు పడుతుంది. ఒక్కడు ఫోన్‌లో మాట్లాడితే పట్టదు. 'ఆఁ... అదెట్లా?... మళ్లీ వాళ్లేమన్నారు?' అని సగం సంభాషణ వినబడుతుంటే, వినబడని సగాన్ని మెదడు తనకు తెలియకుండానే పూరించబోతుంది. 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. మొత్తం సంభాషణ కన్నా సగం సంభాషణే పనిని ఎక్కువ చెడగొట్టింది.

చిరాకును అన్నిటికన్నా ఎక్కువ తిప్పేది మాత్రం 'ఇది నా చేతిలో ఉందా' అన్న ప్రశ్న. 1970కి కాస్త అటూ ఇటూగా అమెరికాలో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి టైపు మిషన్ల చప్పుడు, తెలియని భాషల మాటలు కలిపి చెవులు పగిలేలా వినిపించారు. కొందరికి అది లెక్క ప్రకారం వచ్చింది, కొందరికి ఎప్పుడొస్తుందో తెలియకుండా వచ్చింది. కొందరి ముందు ఒక మీట పెట్టి, 'మరీ భరించలేకపోతే నొక్కండి, ఆగిపోతుంది, నొక్కకపోతే మాకు సంతోషం' అన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అందరూ విన్నది ఒకే మోత. అది ఆగిపోయాక ఎప్పటికీ తేలని చిక్కుముళ్లు ఇచ్చి, తప్పులు దిద్దే పని ఇచ్చి చూశారు. మీట ముందున్నవాళ్లు ఓపిగ్గా చాలాసేపు ప్రయత్నించారు. మీట లేకుండా, ఎప్పుడొస్తుందో తెలియని మోత విన్నవాళ్లు తొందరగా చేతులెత్తేశారు. నొక్కని మీట కూడా పని చేసిందన్నమాట.

మన ఇంటి మిక్సీ మనకు వినబడకపోవడంలో, పై ఫ్లాట్లో మిక్సీ తలలో తిరగడంలో ఉన్నది ఇదే మీట. మన మిక్సీ ఇంకో అర నిమిషంలో ఆగుతుందని చెయ్యికి తెలుసు, ఎందుకంటే ఆపేది ఆ చెయ్యే. పైవాళ్ల రోలు దెబ్బకు అలాంటి హామీ లేదు. ఒక చెప్పు కిందపడ్డ చప్పుడు వినబడితే రెండోది ఎప్పుడా అని కాచుకుని మేలుకునే రకం బాధ అది.

గోవిందరాజస్వామి గుడి పక్కన, రైల్వే స్టేషన్‌కు ఆనుకుని ఉన్న వీధుల్లో కాపురం ఉండేవాళ్లకు రాత్రి బండ్ల కూత పట్టదు. వాళ్లింటికి వచ్చిన చుట్టాలకు కంటి మీద కునుకుండదు. పొద్దున 'ఎట్లా పడుకుంటారమ్మా ఇక్కడ' అని అడిగితే, 'ఏ బండి?' అని ఎదురు ప్రశ్న వస్తుంది. రైలుకు ఒక మంచి గుణం ఉంది. వస్తుంది, పోతుంది, మధ్యలో నిశ్శబ్దం వదులుతుంది. సమానమైన డెసిబెల్స్ దగ్గర విమానం ఎక్కువ చిరాకు పెడుతుందనీ, రోడ్డు అంతకన్నా తక్కువనీ, రైలు ఇంకా తక్కువనీ ఐరోపా సర్వేల్లో చాలాకాలం తేలుతూ వచ్చింది. జర్మనీలో రైలు మోతకు 5 డెసిబెల్స్ తగ్గించి లెక్కపెట్టే రాయితీ కూడా ఉండేది, కొత్త రైలు మార్గాలకు 2015 నుంచి ఎత్తేశారు. ఎత్తేయడానికి న్యాయం ఉంది. అలవాటుపడ్డవాళ్లు నిద్ర లేవకపోయినా, బండి పోయినప్పుడల్లా నిద్రలోనే గుండె వేగం కాస్త పెరుగుతూ ఉంటుందని కొలిచి చూపించారు. 'మాకు అలవాటే' అనేది మనసు మాట, గుండె మాట కాదు.

ఇక చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో 65, 55. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలమైతే 50, 40. రాత్రి అంటే పది నుంచి ఆరు దాకా. రాత్రికి పది తగ్గించడంలో తెలివి ఉంది. రాత్రి చుట్టూ సద్దు అణగిపోతుంది కాబట్టి పగలు కలిసిపోయిన శబ్దం ఒంటరిగా నిలబడుతుంది. పైగా నేల చల్లబడి, పై గాలి వెచ్చగా ఉండిపోతే శబ్దం పైకి పోకుండా వంగి కిందికే వస్తుంది. రైలు కూత పగలు వినబడని పల్లెలకు కూడా రాత్రి వినబడేది అందుకే.

కానీ ఈ అంకెలు సగటులు. రాత్రి రెండు గంటలకు సైలెన్సర్ మార్చిన బుల్లెట్ బండి ఒకటి మీ వీధిలో పోయింది. 10 సెకన్ల పాటు 75 డెసిబెల్స్. వీధంతా లేచింది, ఊయల్లో పిల్ల ఏడ్చింది, కుక్కలు అందుకున్నాయి. మిగతా రాత్రంతా 40 ఉందనుకుని ఎనిమిది గంటల సగటు కడితే ఎంతొస్తుంది? 43. పరిమితి లోపలే. కాగితం మీద ఆ వీధి ప్రశాంతంగా నిద్రపోయినట్టే. ఒక రాత్రిలో ఎన్నిసార్లు, ఎంత ఎత్తుకు ఎగిరిందో కూడా లెక్కలోకి తీసుకోనంతవరకు నిద్ర చెడినవాడికి ఆ సగటు దండగే.

చెవి దెబ్బతినడం మళ్లీ వేరే లెక్క, దానికి ఇష్టాయిష్టాలతో పనిలేదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం రోజుకు 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు. 3 పెరిగిన కొద్దీ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంట. డీజే ముందు గంటసేపు ఊగిన కుర్రాడికి చిరాకు సున్నా, చెవికి నష్టం నిండా. వీధి చివర కిటికీ మూసుకున్న పెద్దాయనకు చెవికి ఏమీ కాదు, చిరాకు నిండా. ఇద్దర్నీ ఒక్క అంకెతో కాపాడాలని చూడటమే తప్పు.

మనుషుల మధ్య చిరాకులో ఉండే తేడాల్లో శబ్ద తీవ్రతతో వివరించగలిగేది మూడో వంతుకు మించదని ఈ రంగంలో పనిచేసేవాళ్లు సాధారణంగా ఒప్పుకుంటారు. మిగతాది మనిషి స్వభావం, ఆ శబ్దం చేసేవాళ్ల మీద అభిప్రాయం, ఆగుతుందన్న నమ్మకం. అలాంటప్పుడు మైకు సెట్టువాడు చేయగలిగింది చాలానే ఉంది. బాక్సుల సంఖ్య కాదు, ముందు బేస్ తగ్గించాలి. బాక్సులను ఇళ్ల వైపు కాకుండా మండపం లోపలికి తిప్పాలి. పదింటికి ఆపుతామని ముందే చెప్పి, పదింటికే ఆపాలి. చెప్పిన టైముకు ఒక్కసారి ఆపితే, రెండోసారి అదే మోతను అదే వీధి కాస్త ఓపికగా వింటుంది.

పెళ్లివాళ్ల వైపు నుంచి ఇంకోటి ఉంది. గోడకు అటువైపు ఇంటికి శుభలేఖ ఇవ్వడం. మధ్యాహ్నం అదే పందిట్లో భోంచేసి, తాంబూలం సంచితో ఇంటికి వచ్చి పడుకున్నాయన రాత్రి డీజేకి లేచి కూర్చుంటాడు. గడియారం చూస్తాడు. 'పిల్లోళ్లు ఎగురుతున్నారులే' అని మళ్లీ పడుకుంటాడు. ఆ ఇంటికి ఇటుపక్క, శుభలేఖ అందని ఇంట్లో అప్పటికే ఎవరో ఫోన్ తీసి 100కి డయల్ చేస్తుంటారు.